వాన అడవి నుంచి మడ అడవి దాకా

పిల్లలూ! ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో చదువుకునే పిల్లవాణ్ణి పట్టుకుని, "అబ్బాయీ, మీ ఊరికీ వాన అడవికీ ఏమిటి సంబంధం? మీ ఊరికీ సముద్రానికీ ఏమిటి సంబంధం?" అని అడిగామనుకోండి. వాడు మనవంక వింతగా చూస్తాడు. ఎందుకు చూడడు? వాడి చుట్టూ ఉన్నవి నల్లరేగడి చేలు, పత్తి, జొన్న, తుమ్మచెట్లు, రాళ్ళగుట్టలు. ఏడాది పొడుగునా కురిసిన వాన అంతా కలిపితే 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. సముద్రమంటారా, అది దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉంది.

అయినా సంబంధం ఉంది. అది ఎక్కడో కాదు, వాడి ఇంట్లో నీళ్ళబిందెలోనే ఉంది! ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు వస్తాయి. పొలాలకు పారేవీ, చాలాచోట్ల తాగేవీ ఆ నీళ్ళే. ఆ తుంగభద్ర పుట్టింది పడమటి కనుమల వాన అడవిలో. అది కృష్ణలో కలిసి, చివరకు సముద్రం చేరేది మడ అడవుల మధ్య. నదికి ఆ కొసన వాన అడవి, ఈ కొసన మడ అడవి, నడుమ మనం ఉన్నాం.

ఈ నెల మనం ఆ నది వెంట విహారయాత్ర చేద్దాం. పక్కన దక్షిణ భారతదేశం పటం పెట్టుకుని చదవండి. నిజంగానే పిల్లలను తీసుకుపోదలచిన బళ్ళవారికి కూడా పనికివచ్చేటట్టు దారీ, కాలమూ చెబుతాను. యాత్ర రెండు విడతలు. దసరా సెలవుల్లో ఎగువకు పోవాలి. అప్పటికి అడవిలో వాన జోరు తగ్గుతుంది గాని, తడి ఆరదు. సంక్రాంతి సెలవుల్లో దిగువకు పోవాలి. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి ఒడ్డుకు రావటం ఆ రోజుల్లోనే మొదలవుతుంది.

మొదట ఎగువకు పోదాం. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లులో దిగితే బళ్ళారి, హొసపేట వైపు పోయే రైళ్ళు దొరుకుతాయి. హొసపేటలో తుంగభద్ర ఆనకట్ట ఉంది. ఆ దగ్గరే హంపీ. హంపీ చుట్టుపట్ల నదిలో నీటికుక్కలున్నాయి. నీటికుక్క అంటే కుక్క కాదు. ముంగిసలాగా పొడుగు శరీరం, వేళ్ళ నడుమ పలుచని తోలు ఉండి, చేపలు పట్టి తినే జంతువు. అది గుంపులుగా తిరుగుతుంది, పిల్లల్లాగా ఆడుకుంటుంది. వీటిని కాపాడటానికి కర్ణాటక ప్రభుత్వం 2015లో అక్కడ 34 కిలోమీటర్ల మేర నదిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. నీటికుక్కను గుర్తుపెట్టుకోండి, అది మనకు మళ్ళీ కనిపిస్తుంది.

అక్కడి నుంచి బస్సులో శివమొగ్గ చేరితే, దగ్గరలోనే కూడలి అనే ఊరుంది. అక్కడ తుంగ, భద్ర అనే రెండు నదులు కలిసి తుంగభద్ర అవుతాయి. ఇక తుంగ వెంట తీర్థహళ్ళి, శృంగేరి మీదుగా పోవాలి. శృంగేరిలో మఠం మెట్ల దగ్గర పెద్ద పెద్ద చేపలు మనుషులను చూసి బెదరకుండా గుంపులుగా వస్తాయి. అక్కడ ఎవరూ వాటిని పట్టరు. ఇంకా పైకి పోతే ఆగుంబె. ఇంకొక వైపున కుద్రేముఖ్ కొండల్లో గంగామూల అనే చోట తుంగా, భద్రా పుడతాయి. అక్కడే పుట్టే నేత్రావతి మాత్రం పడమరకు పోయి అరేబియా సముద్రంలో కలుస్తుంది.

ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మనకు రెండేళ్ళలో కురవని వాన అక్కడ జూలై ఒక్క నెలలో కురుస్తుంది! ఒకే నది ఒడ్డున ఉన్న రెండు సీమలకు ఇంత తేడా ఎందుకు?

సైకిలు ట్యూబులోంచి గాలి వదిలేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టి చూడండి. గాలి చల్లగా తగులుతుంది. ఇరుకున ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాపిస్తే చల్లబడుతుంది. అరేబియా సముద్రం మీదినుంచి వచ్చే నైరుతి గాలులు తమతోపాటు బోలెడంత తేమ తెస్తాయి. పడమటి కనుమలు గోడలాగా అడ్డుపడేసరికి అవి పైకి ఎక్కక తప్పదు. పైకి పోయినకొద్దీ గాలి వ్యాపిస్తుంది, చల్లబడుతుంది, తేమ చుక్కలై కురుస్తుంది. కొండ దాటి ఈ వైపు దిగేటప్పటికి గాలి దగ్గర మిగిలే తేమ తక్కువ. అందుచేత మనది వానచాటు సీమ అయింది.

"ఇది అన్యాయం!" అంటారు మీరు. కాని చూడండి, ఆ కొండలమీద కురిసిన వానలో కొంత, తూర్పు వాలున పుట్టిన తుంగ, భద్రల ద్వారా మళ్ళీ మన దగ్గరకే నడిచివస్తున్నది. మనకు ఆకాశం నుంచి రానిది నేలమీదుగా వస్తున్నది.

ఇప్పుడు అడవిలోకి అడుగు పెడదాం. మట్టమధ్యాహ్నమైనా లోపల సందెవేళలాగా ఉంటుంది. చెట్లు అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. అన్నిటికన్నా పైన ఎండలో తలలెత్తినవి మహావృక్షాలు. వాటి కింద నడిమి చెట్లు. వాటి కింద పొదలు. అన్నిటికన్నా కింద ఎండిన ఆకుల మెత్తటి పరుపు. మన వేప, తుమ్మ చెట్ల ఆకులు చిన్నవి, నీళ్ళు పొదుపు చేసుకునేవి. ఇక్కడి చెట్లకు నీటి కరువు లేదు. పైగా ఆకు మీద నీరు నిలిస్తే నాచు పడుతుంది. అందుకని చాలా ఆకుల కొసలు సన్నగా, తోకలాగా సాగి ఉంటాయి. వానచుక్క ఆ కొస మీదుగా జారి పోతుంది. పెద్ద చెట్ల మొదళ్ళ దగ్గర వేళ్ళు గోడల్లాగా లేచి, చెట్టు పడిపోకుండా ఆసరా ఇస్తాయి. కొమ్మల మీద వేరే మొక్కలు, సీతమ్మవారి జడలాగా వేలాడే పూలు కనిపిస్తాయి. అవి చెట్టు రసం తాగవు, ఊరికే కూచునే చోటు తీసుకుంటాయి, అంతే.

జంతువులు సులభంగా కంటబడవు. చప్పుడు చెయ్యకుండా నిలబడి చెవులతో వెతకాలి. సింహపు తోక కోతి ఉన్నది ఈ పడమటి కనుమల్లోనే, ప్రపంచంలో మరెక్కడా లేదు. దాని ముఖం చుట్టూ వెండి రంగు జూలు ఉంటుంది. అది చెట్ల పై అంతస్తుల్లోనే బతుకుతుంది గనక అడవిని నడిమికి నరికితే దానికి దారి తెగిపోతుంది. ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు తేలుతూ పోయే ఎగిరే తొండ ఇక్కడే ఉంది. దాని పక్కటెముకలు గొడుగు పుల్లల్లాగా విచ్చుకుని రెక్కలవుతాయి.

పెద్ద ముక్కు మీద కొమ్ములాంటిది ఉండే పిట్ట ఒకటుంది. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు మాత్రం వదిలి ద్వారం మూసేసుకుంటుంది. మగపిట్ట వారాల తరబడి ఆ సందులోంచి పళ్ళు అందిస్తుంది. మగపిట్టను ఎవరైనా చంపితే లోపలి తల్లీ పిల్లలూ కూడా చస్తారు. ఈ పిట్టలు పళ్ళు తిని గింజలను దూరంగా పారవేస్తాయి గనక అడవిని నాటే తోటమాలులు ఇవే.

ఇక పాముల రాజు గిరినాగు. ప్రపంచంలోని విషసర్పాలన్నిటిలోకీ పొడుగైనది ఇదే. దీని ముఖ్యమైన ఆహారం ఇతర పాములు. ఆడ గిరినాగు ఎండుటాకులను కుప్పగా పోగుచేసి, అందులో గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. గూడు కట్టే పాము ఇదొక్కటే. ఆగుంబెలో 2005లో రోములస్ విటేకర్ స్థాపించిన పరిశోధన కేంద్రంవారు వీటిని గురించి ఎంతో తెలుసుకున్నారు. 2024లో శాస్త్రజ్ఞులు ఈ కనుమల గిరినాగును ప్రత్యేక జాతిగా గుర్తించి, కన్నడిగులు పిలిచే "కాళింగ" అన్న పేరునే శాస్త్రీయ నామంలో పెట్టారు.

ఈ జీవులన్నీ ఉంటే మనకేమిటి, పోతే మనకేమిటి అనేవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ చిన్న ప్రయోగం చేసి చూపండి. రెండు రేకు పళ్ళేలు తీసుకోండి. ఒకదానిలో వట్టి మట్టి పరచండి. రెండోదానిలో గడ్డి వేళ్ళతో సహా పెళ్ళగించి తెచ్చిన మట్టి పెట్టి, పైన ఎండుటాకులు చల్లండి. రెంటినీ ఒకే వాలుగా నిలిపి, కింద గిన్నెలు పెట్టి, ఒక్కొక్క చెంబు నీళ్ళు పైనుంచి వానలాగా పోయండి. వట్టి మట్టి మీది నీరు గబగబా దిగి, చిక్కటి బురదై గిన్నెలో పడుతుంది. గడ్డి ఉన్న పళ్ళెంలోంచి నీరు నిదానంగా, తేటగా దిగుతుంది. పోయటం ఆపిన తరవాత కూడా కాసేపు చుక్కలు రాలుతూనే ఉంటాయి.

వాన అడవి చేసే పని ఇదే. ఆకులు వానదెబ్బ కాస్తాయి. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. మెత్తటి నేల నీటిని తాగి, వానలు వెనకబట్టిన తరవాత కూడా ఊటలుగా వదులుతుంది. ఆకులు రాల్చే చెట్టూ, ఆ చెట్టు గింజ నాటిన పిట్టా, ఆకులను కుళ్ళబెట్టే పురుగూ అన్నీ కలిస్తేనే ఆ నేల అట్లా ఉంటుంది.

అది చెడితే ఏమవుతుందో కుద్రేముఖ్‌లో చూశారు. భద్ర పుట్టే కొండల్లో ఏళ్ళ తరబడి ఇనుప రాయి తవ్వారు. వానాకాలంలో ఆ మట్టి నదిలోకి కొట్టుకువచ్చేది. 1987లో ఆ ప్రాంతం జాతీయవనం అయినా తవ్వకం ఆగలేదు. ప్రకృతి ప్రేమికులు కోర్టుకు పోయారు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2005 చివరకు తవ్వకం ఆగింది.

తిరిగి వచ్చేటప్పుడు హొసపేట ఆనకట్ట దగ్గర ఆగి ఒక లెక్క రాసుకోండి. 1953లో పూర్తి అయినప్పుడు ఆ జలాశయంలో సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టేది. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2016లో కొలిస్తే సుమారు 106 టి.ఎం.సి.లే పడుతుందని తేలింది. మిగిలిన 27 టి.ఎం.సి.ల చోటు ఏమైంది? మట్టి నిండింది! నది ఎగువన గనుల్లోంచీ, చెట్లు పోయిన గుట్టల మీదినుంచీ, గట్లు లేని పొలాల్లోంచీ వచ్చిన మట్టి. మన పళ్ళెంలో బురద నీరు గుర్తుందా? అదే. జలాశయంలో ఐదో వంతు మట్టి పాలైతే, ఆ లోటు మొదట తెలిసేది కాలువ చివరి పొలాలకు. అందుకే ఆగుంబె వర్షారణ్యం సంగతి ఆదోని రైతుకు కూడా పట్టాలి.

ఇక సంక్రాంతి యాత్ర. మన తుంగభద్ర మంత్రాలయం, కర్నూలు దాటి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి ఆలయం శ్రీశైలం జలాశయం నీటిలో మునిగి ఉండి, నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. అక్కడినుంచి నది శ్రీశైలం, నాగార్జునసాగరం, విజయవాడ దాటిపోతుంది. మనం గుంతకల్లు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా రైల్లో పోదాం; దారిలో నల్లమల అడవి కూడా చూడవచ్చు. విజయవాడ నుంచి బస్సులో అవనిగడ్డ, అక్కడినుంచి కోడూరు మీదుగా హంసలదీవి. కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడే. ఆ చుట్టుపట్ల మడ అడవులను 1989లో కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రం చేశారు.

ఉప్పునీటిలో చెట్టు బతకదని మనకు తెలుసు. కాని మడ చెట్టు బతుకుతుంది. అది వేళ్ళతో తాగిన ఉప్పును ఆకుల మీదుగా బయటకు తోసేస్తుంది. ఎండలో చూస్తే ఆకు మీద ఉప్పు రవ్వలు మెరుస్తాయి. బురదలో గాలి ఉండదు గనక దాని వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు నేలలోంచి పైకి లేచి ఊపిరి పీలుస్తాయి. ఉప్పుపొన్న చెట్టు గింజలు చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగాటి కాయల్లాగా వేలాడుతుంటాయి. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోకండి. దాని పాలు కళ్ళలో పడితే చాలా ప్రమాదం.

పాటు సమయంలో బురద బయటపడగానే చిన్న పీతలు కలుగుల్లోంచి వస్తాయి. మగ పీతకు ఒక చెయ్యి చిన్నది, ఒకటి మహా పెద్దది. దాన్ని ఊపుతూ ఆడపీతలను పిలుస్తుంది. రెక్కల మీద ఆని బురదలో గెంతుతూ పోయే చేప ఉంది. అది నీళ్ళ బయట కూడా చాలాసేపు ఉండగలదు. నీటిలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఉంది గాని, రాత్రిపూట తిరిగేది గనక దాని అడుగులు బురదలో చూసి సంతోషించవలసిందే. ఆ అడుగుల పక్కనే వేళ్ళ నడుమ తోలు ఉన్న అడుగులు కనిపించాయా? అవి మన నీటికుక్కవి! హంపీ దగ్గరా అదే, ఇక్కడా అదే.

సముద్రపు ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వస్తాయి. తల్లి వెనక కాళ్ళతో కుండలాంటి గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తిరిగి పోతుంది. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలూ, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలూ పుడతాయి. అవి వెలుతురు ఎటు ఉంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రి సముద్రం మీద మెరిసే వెలుగే వాటికి దారి. ఒడ్డున దీపాలు వెలిగిస్తే అవి దారి తప్పి చస్తాయి. అందుకని టార్చి వెయ్యరాదు. ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేళ్ళు కూడా మీకు కనిపించవచ్చు. తాబేలు నీళ్ళలో ఉన్నా గాలి కోసం పైకి రాక తప్పదు. పెద్ద వలల్లో చిక్కితే ఊపిరాడదు. తాబేలు తప్పించుకునే కిటికీ ఉన్న వలలు ఉన్నాయి, వాటిని వాడితే ఈ చావులు తగ్గుతాయి.

1977 నవంబరు 19న ఈ దివిసీమ మీదనే ఉప్పెన వచ్చి వేలమంది ప్రాణాలు తీసింది. మడ అడవి దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గుతుంది. కాని మడ అడవి నిలిచేది నది తెచ్చి పోసిన ఒండ్రు మీద. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది చూడండి. మన జలాశయంలో చేటు చేసిన మట్టే ఇక్కడ కావాలి! ఆనకట్టలు మట్టిని ఆపివేస్తున్నందున సముద్రం ఒడ్డును కోసేస్తున్నది. ఎగువన మట్టి ఎక్కువై నష్టం, దిగువన తక్కువై నష్టం. నదిని ఒక ముక్క ఒక ముక్కగా చూస్తే ఈ సంగతి తెలియదు.

తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఒక మాట. సంరక్షణ కేంద్రాల్లోకి పోవటానికి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. వాన అడవిలో జలగలు పడతాయి గనక నిండుగా కప్పే మేజోళ్ళు కావాలి. ఇంత దూరం పోయే స్తోమతు లేని బడి ఉంటే, పిల్లలను ఒక ఆదివారం మంత్రాలయం దగ్గర నది ఒడ్డుకో, గాజులదిన్నె చెరువుకో తీసుకుపోండి. లకుముకిపిట్టలు, కొంగలు, నీటికాకులు ఉచితంగానే కనిపిస్తాయి. నదిలో మొసళ్ళూ గుండాలూ ఉన్నాయి కాబట్టి పిల్లలను నీళ్ళలోకి దిగనివ్వవద్దు.

ఇంకొకటి. మన వాగుల్లో, వంకల్లో పారేసిన ప్లాస్టిక్ సంచి మాయమైపోదు. వరద వచ్చినప్పుడు తుంగభద్రలో పడుతుంది, ఆనకట్టల గేట్లు ఎత్తినప్పుడు కృష్ణ వెంట సముద్రం చేరవచ్చు. అక్కడ తాబేలు దాన్ని తను తినే జెల్లీచేప అనుకుని మింగుతుంది. ఆదోని పిల్లవాడు ఎన్నడూ చూడని తాబేలుకు మేలైనా, కీడైనా చెయ్యగలడు.

ఇప్పుడు మీకు రెండు పనులు. ఒకటి: పళ్ళేల ప్రయోగం చేసి, రెండు గిన్నెల్లోని నీటిని రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున ఎంతెంత మట్టి పేరుకుందో కొలిచి రాయండి. రెండు: ఉప్పుపొన్న గింజ నేలమీద పడకముందే చెట్టుమీదనే ఎందుకు మొలకెత్తుతుందో ఆలోచించండి. రోజుకు రెండుసార్లు పోటు వచ్చే బురదనేల అని గుర్తుంచుకుంటే జవాబు దొరుకుతుంది. దొరకనివారికి వచ్చే నెల చెబుతాను.